దొర బొచ్చు కంకణం

ఆ రోజుల్లో మాకు కోపం రావడానికి కూడా పెద్దవాళ్ల అనుమతి కావలసివచ్చేది. ఇప్పుడు నసీనులో మా మనవరాలు సువా నుంచి బస్సు దిగి ఇంట్లోకి వచ్చేసరికే మూడు నాలుగు కోపాలు వెంట తెచ్చుకుంటుంది, అన్నం తిని చెయ్యి కడుక్కునే లోపల అన్నీ మరిచిపోతుంది. నా కోపాలు అటువంటివి కావు. ఉన్నవి కొద్దే, కానీ ఊరగాయలాగా జాడీలో పెట్టుకున్నవి, ఏళ్లు గడిచినకొద్దీ ఘాటు పెరిగినవి. మొన్న ఆ పిల్ల నా పక్కన చేరి ఫోనులో ఏదో చూపించింది. ఎవరో తెల్లావిడ బొచ్చుకుక్కను ఒళ్లో పడుకోబెట్టుకుని దువ్వుతోంది, రాలిన బొచ్చును వడికి నూలు తీస్తోంది. "చూడు ఆజీ, గొర్రెల్ని పెంచక్కర్లేదు, ప్లాస్టిక్ దారం అక్కర్లేదు, పారేసేదే బట్ట అవుతుంది. భూమికి ఎంత మంచిదో!" అని చదివి వినిపించింది. నాకు అరికాలి నుంచి నడినెత్తి దాకా మంట ఎక్కింది. "కాహే గుస్సా, ఆజీ?" అంది పిల్ల బిత్తరపోయి. కూర్చో చెబుతానన్నాను. ఇంతలో దాని ఫోను మోగింది, అది లేచిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను. మీరు మధ్యలో లేచిపోరని నా నమ్మకం.

అప్పుడు మేము బా అనే ఊళ్లో, రారవాయి చక్కెర మిల్లు పక్కన ఉండేవాళ్లం. నాయన మిల్లు వర్క్‌షాపులో పని. చెరుకు ఆడే కాలంలో పొగగొట్టం నుంచి నల్లటి మసి రాలి ఆరేసిన బట్టలన్నీ చుక్కల బట్టలయ్యేవి. నన్ను కన్న కొన్నాళ్లకే మా అమ్మ పోయింది, మా అవ్వ (నాయన తల్లి) నన్ను తన కళ్లముందు నుంచి కదలనివ్వలేదు, అందువల్ల నేను బడి గడప తొక్కలేదు. బియ్యం చేటలో వేలితో దిద్దించి తెలుగు అక్షరాలు అవ్వ నేర్పింది, పాత న్యూస్‌పేపర్లు ముందేసుకుని ఇంగ్లీషు నాయన నేర్పాడు. వాళ్లిద్దరికీ నేను ఇవాళ్టికీ పొద్దున్నే లేచి దణ్ణం పెట్టుకుంటాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది వాళ్ల చలవే.

మా ఈ దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్లయింది. మిల్లులోని తెల్లవాళ్లు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకుంటున్నారు. అలా వెళ్లిపోతూ ఒక ఇంజనీరు భార్య తన కుక్కను మా నాయనకు అప్పగించింది. తెల్లటి కుక్క, మేకపిల్లంత ఎత్తు, ఒంటినిండా జానెడు బొచ్చు. చలిదేశంలో పుట్టాల్సిన ప్రాణి కంబళి కప్పుకుని వచ్చి మా బా ఎండలో చిక్కుకుంది. దాని అసలు పేరుకు మంచు అని ఏదో అర్థమట. మా వీధిలో మంచు చూసినవాళ్లెవరు? తెల్లగా ఉంది, బంగళా నుంచి వచ్చింది, పిలిచినా పలకదు, కాబట్టి అవ్వ దానికి 'దొర' అని పేరు పెట్టింది. ఆ విధంగా అసలు దొరలందరూ ఓడలూ విమానాలూ ఎక్కాక మా వీధిలో మిగిలిన దొర అదొక్కటే.

దొరకు బొచ్చు రాలని రోజు లేదు. పప్పులో బొచ్చు, చాపలో బొచ్చు, ఒకసారి దీపారాధన చేస్తుంటే వత్తి మీద కూడా బొచ్చు (అమ్మవారు క్షమించాలి, ఆ వాసన చాలాసేపు పోలేదు). ఊడ్చి ఊడ్చి నా నడుం పడిపోయేది. అయితే ఆ ఇంజనీరు భార్య వెళ్లేముందు నాకు రెండు అల్లిక సూదులు ఇచ్చి, మా దేశంలో ఈ బొచ్చుతో కూడా నూలు తీస్తారు, గొర్రె ఊలు కన్నా వెచ్చన అని చెప్పింది. అది నా మనసులో పడింది. ఎందుకంటే మా అవ్వకు మోకాళ్ల వాతం. ఎండాకాలం ఏదో నెట్టుకొచ్చేది గానీ, జూన్ దాటి (మా దీవుల్లో చలికాలం అప్పుడే) చలిగాలి తిరిగితే లేచి దేవుడి ముందు దీపం పెట్టడానికి కూడా గోడ పట్టుకుని నడిచేది. ఆ ఏడాది చలికి అవ్వ రెండు మోకాళ్లకూ తొడుగులు అల్లి తీరాలని నేను పంతం పట్టాను.

మా ఇంట్లో కదురు ఉంది. అవ్వ వాళ్లమ్మ చెరుకు కూలికి ఓడెక్కి వచ్చినప్పుడు మూటలో తెచ్చుకున్నది. దానిమీద అవ్వ ఏటా పత్తి వడికి దీపాల వత్తులకూ, మారియమ్మ గుడికీ ఇచ్చేది. కుక్క బొచ్చు వడుకుతానంటే మొదట పడీ పడీ నవ్వింది. "గొర్రె దొరకలేదుటే నీకు? రేపు పిల్లిని కూడా పిండి నూనె తియ్యి!" అంది. నవ్వడం అయ్యాక, "ఇటు తే, పైబొచ్చు పనికిరాదు, లోపలి మెత్తటిది తియ్యి" అని తనే దగ్గరికి లాక్కుంది. రోజూ పొద్దున దొరను వరండాలో నిలబెట్టి దువ్వేదాన్ని. బొచ్చు సబ్బునీళ్లలో నానేసి, పిండకుండా తీసి, గాలికి ఎగిరిపోకుండా దోమతెర కింద ఆరబెట్టేదాన్ని. తర్వాత వేళ్లతో విడదీసి, ఏకులు చుట్టి, కదురు తిప్పడం. ఎన్నిసార్లు తెగిందో! నున్నటి బొచ్చు, పురి నిలవదు. "కొంచెం పత్తి కలపవే, అది పట్టుకుంటుంది" అంది అవ్వ. కలిపాను, నిలిచింది. రెండు పోగులు కలిపి పేనితే చూడ్డానికి అచ్చం నూలే. ఒక్కటే లోపం, తడి తగిలితే కుక్క వాసన. దానికీ అవ్వే ఉపాయం చెప్పింది, పసుపునీళ్లలో ముంచమని. ముంచాను. నెలల తరబడి చేసిన పని, పచ్చగా మెరుస్తూ చిలపలు చిలపలుగా వరండా తీగ మీద వేలాడుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. దేవుడా, నా చేతులతో ఇంత పని చేయించావు కదా అనుకుని, బియ్యం కడగడానికి పెరట్లోకి వెళ్లాను.

ఇక్కడ మా పెదనాయన గురించి చెప్పాలి. నాయనకు అన్న, గుడి కమిటీకి ప్రెసిడెంటు. ఏ మాట అయినా ఎదుటివాడు సగం అనేలోపు మిగతా సగం తనే అనేసి, దానికి జవాబు కూడా చెప్పేసే మనిషి. మా గుడిలో చలికాలంలో నిప్పుల గుండం తొక్కుతారు. తొక్కేవాళ్లు పది రోజుల ముందు కంకణం కట్టుకుని గుడిలోనే ఉంటారు. నేల పడక, ఒంటిపూట భోజనం, మాంసం లేదు, మత్తెక్కించే వేరు పానీయం యంగోనా చుక్క లేదు. ఆ కంకణాలకు కావలసిన పసుపు నూలు ఏటా మా అవ్వదే. వరండా తీగ మీద వేలాడుతూ ఉంటుంది, పెదనాయన వచ్చి అడక్కుండా తీసుకుని పోతాడు. అది ఆనవాయితీ. ఆ ఏడాది మసికి భయపడి అవ్వ గుడి నూలును ఇంట్లో ఇత్తడి పళ్లెంలో పెట్టింది. తీగ మీద ఉన్నది నాది.

నేను బియ్యం కడిగి వచ్చేసరికి తీగ ఖాళీ. కుర్చీలో కునుకుతున్న అవ్వను లేపితే, "పెద్దోడు వచ్చి తీసుకుపోతున్నా అన్నాడు, నేను ఊ అన్నాను" అంది. ఆ తర్వాత తన చూపు పళ్లెం మీద పడింది, నోరు తెరుచుకుపోయింది.

చెరుకు రైలు పట్టాల వెంట పరుగెత్తాను. తోవ పొడవునా దొర నా వెనకే. గుడిలో అప్పటికే డప్పులు మోగుతున్నాయి. పసుపు పంచెలు కట్టుకుని మగవాళ్లు వరుసగా కూర్చున్నారు, పూజారి తాత పసుపు కొమ్ముకు నా నూలు చుడుతున్నాడు. నా నూలు! నేను తిన్నగా పెదనాయన దగ్గరికి వెళ్లాను.

"పెదనాయనా, ఆ నూలు..."

"తెలుసులే. ఈసారి లావుగా వడికింది మీ అవ్వ. వయసైపోయింది, ఏం చేస్తది పాపం."

"అవ్వ వడికింది కాదు, అది..."

"నువ్వు వడికినావా? శభాష్! పేరు కోసం ఇంత దూరం ఉరికి రావాల్నా?"

"అది కుక్క..."

"కుక్కను గుడిలోకి తెచ్చినావా?" అని అరిచాడు, గేటు దగ్గర నిలబడిన దొరను చూసి. "ముందు దాన్ని బయట కట్టెయ్! జా, జా! ఆడోళ్ల కాడికి పో!"

అందరూ నవ్వారు. డప్పులు హోరెత్తాయి. నేను నోరు తెరిచినట్టే ఉండగా మొదటి కంకణం ఆయన చేతికే పడింది.

ఏడుస్తూ ఇంటికి వచ్చాను. ఏడుపు దుఃఖంతో కాదు, కోపంతో. రేపు పొద్దున్నే వెళ్లి అందరి ముందూ అరిచి చెబుతానన్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "కట్టింది కట్టేశారు అమ్మీ. ఇప్పుడు చెబితే వాళ్ల గుండె జారిపోతది. గుండె జారినోడు నిప్పుల మీద నిలబడలేడు. వాళ్లు గుండం దాటిందాకా నోరు మూసుకో. అమ్మ చూసుకుంటది" అంది. నోరు మూసుకున్నాను. మీరే చెప్పండి, నా నూలు పోయింది, నా మాట పోయింది, పైగా నా నూలు పట్టుకుపోయినవాళ్ల పాదాల కోసం నేనే నోరు మూసుకోవాలి! ఆ పది రోజులూ నేను గిన్నెలు తోమిన చప్పుడుకు వీధి చివరి ఇంటివాళ్లు కూడా ఏమైందని అడిగారు.

గుడిలో వ్రతం చేసేవాళ్లు తెల్లవారకముందే నదిలో మునగాలి, సాయంత్రం మళ్లీ మునగాలి. మొదటి మునకకే పసుపు దిగిపోయింది, వాసన లేచింది. తడి కుక్క వాసన ఎలా ఉంటుందో కుక్కను పెంచినవాళ్లకు చెప్పక్కర్లేదు. అన్నం తీసుకుపోయి ఇచ్చి వచ్చే నాయన ఏరోజుకారోజు కబుర్లు మోసుకొచ్చేవాడు. గుడిలో ఎలుక చచ్చిందని చాపలన్నీ ఎత్తి దులిపారట. ఎలుక లేదు. వెల్డరు పొట్టి మామ దుప్పటిదే వాసన అని దాన్ని చెట్టుకు వేలాడదీశారట. దుప్పటి పోయినా వాసన పోలేదు. ఆ తర్వాత రారవాయిలో ఉన్న వీధికుక్కలన్నీ గుడి చుట్టూ చేరి కూర్చోవడం మొదలుపెట్టాయి. దానికి పెదనాయన ఏమన్నాడో తెలుసా? లేచి నిలబడి, "చూడండయ్యా, భైరవుడి వాహనాలు కాపలా కాస్తున్నాయి! మన వ్రతం అంత శుద్ధంగా జరుగుతోంది!" అని ఉపన్యాసం ఇచ్చాడట. నాయన ఇది చెప్పి కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను మాట్లాడితే వినని మనిషికి కుక్కలు మాట్లాడకపోయినా అర్థమైపోయింది!

గుండం రోజున నేను ఆడవాళ్ల వరుసలో ముందు నిలబడ్డాను. నిప్పుల సెగకు ముఖం కాలిపోతోంది. ఒక్కొక్కరూ దిగుతుంటే ఒక్కొక్కరి పాదాల కోసం అమ్మవారిని వేడుకున్నాను. పెదనాయన పాదాల కోసం కూడా (అది కొంచెం కష్టమైంది, అయినా వేడుకున్నాను). అందరూ పువ్వుల మీద నడిచినట్టు దాటేశారు. తల్లీ, నీకు వేయి దండాలు అని అక్కడే నేలమీద తల ఆనించాను. ఆ నిమిషంలో నాకు ఎవరిమీదా కోపం లేదు. ఉన్న కోపమంతా ఆ సెగకే కరిగిపోయిందనుకున్నాను. మర్నాటి మధ్యాహ్నం దాకా అలాగే అనుకున్నాను.

మర్నాడు కంకణాలు విప్పి నదిలో కలిపే ముందు గుడి ఆవరణలో భోజనాలు. పది రోజుల తర్వాత మొదటిసారిగా పెద్ద డేక్సాలో మేకకూర ఉడుకుతోంది, పక్కనే చాపమీద కర్రగిన్నెలో యంగోనా కలుపుతున్నారు. మగవాళ్లందరి కళ్లూ ఆ రెండింటి మీదే. ఇంటి దగ్గర కట్టేసిన దొర తాడు తెంపుకుని ఎప్పుడు వచ్చిందో, ఇంతమంది మధ్యలోంచి తిన్నగా పెదనాయన దగ్గరికి నడిచింది. ఆయన మణికట్టు వాసన చూసింది. తన ఒళ్లు తనే నాక్కున్నంత చనువుగా ఆ కంకణాన్ని నాకడం మొదలుపెట్టింది.

"ఛీ! ఛీ! ఎవరిదిది? తమ్ముడూ, నీ కుక్కకు బుద్ధి లేదారా?" అని పెదనాయన చెయ్యి పైకెత్తి గెంతాడు.

"దానికి బుద్ధి ఉంది పెదనాయనా, దాని బొచ్చు అది గుర్తుపట్టింది" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. కానీ యంగోనా కలుపుతున్న చేతులు ఆగిపోయాయి.

అప్పుడు మొత్తం చెప్పాను. చెప్పడం పూర్తయ్యేలోపే ఆయన ముఖం పసుపు నుంచి ఎరుపుకు మారింది. "అపచారం! అమ్మవారి వ్రతానికి కుక్క బొచ్చు కట్టించింది ఈ పిల్ల! ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెబితే ఇట్లాంటి బుద్ధులే వస్తాయి! రేపే మిల్లు లారీ నమాకా ఊరికి పోతుంది. అక్కడ గోదాముకు కాపలా కుక్క కావాలంట. దీన్ని ఎక్కించెయ్యండి. బాత్ ఖతం!" నాయన తల వంచుకున్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పిన చరిత్ర మా నాయనకు లేదు. ఎవరో వచ్చి దొర మెడ పట్టుకోబోయారు.

నాకు ఏం జరిగిందో తెలియదు. నా గొంతులోంచి అంత గొంతు వస్తుందని నాకే తెలియదు.

"ముట్టుకోవద్దు దాన్ని! నేను కట్టించానా? నేనా? నా తీగ మీది నూలు అడక్కుండా పట్టుకుపోయింది ఎవరు? మా అవ్వ మోకాళ్ల కోసం నెలల తరబడి వడికాను, అది తెలుసా నీకు? చెప్పడానికి పరుగెత్తి వస్తే ఆడోళ్ల కాడికి పొమ్మంది ఎవరు? ఆ తర్వాత మీ కాళ్లు కాలకూడదని పది రోజులు నోరు కుట్టుకుని కూర్చున్నాను! దాని బొచ్చు చేతికి కట్టుకుని నిప్పులు దాటి, ఇప్పుడు దాన్నే లారీ ఎక్కిస్తావా? మీ అందరి కన్నా అదే నయం, ఇచ్చిందే గానీ ఎవరిదీ తీసుకోలేదు!"

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో "హాయ్ రామ్" అన్నారు. పెళ్లికాని పిల్ల గుడిలో అంత అరుపు అరవడం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. పెదనాయన జవాబు అందుకోవడానికి ఊపిరి పీల్చాడు. ఆ సందులో పొట్టి మామ మెల్లగా లేచాడు.

"ఏక్ బాత్, అన్నా. ఈ కంకణం మైలది అయితే... మన వ్రతం సంగతి ఏంది?"

అందరూ పూజారి తాత వైపు తిరిగారు. తాత గడ్డం గోక్కుని, "కంకణం మైల అయితే వ్రతం లేనట్టే. మళ్లీ మొదటి నుంచి చెయ్యాల. ఉపవాసం, నేల పడక, నదిలో మునక, అన్నీ" అన్నాడు.

గాలి మేకకూర వాసనను మా అందరి మీదుగా మోసుకుపోయింది.

"తాతా," అన్నాడు పెదనాయన, గొంతు ఒక్కసారిగా తగ్గించి, "ఊలు మడికి పనికొస్తది కదా?"

"గొర్రెది పనికొస్తది."

"గొర్రె ఎందులో గొప్ప?" అన్నాడు పొట్టి మామ. "భైరవుడు గొర్రెనెక్కి తిరుగుతున్నాడా? అన్నా, నువ్వే కదా చెప్పినావు మొన్న, భైరవుడి వాహనాలు కాపలా కాస్తున్నాయని?"

"చెప్పినాను" అన్నాడు పెదనాయన, ఆశ దొరికినవాడిలా. "అందరూ విన్నారు కదా? నేను ఆ పొద్దే చెప్పినాను!"

"కాళ్లు కూడా కాలలేదు" అన్నారు ఇంకెవరో.

తాత ఒకసారి డేక్సా వైపు చూసి, కళ్లు మూసుకుని తెరిచి, అమ్మవారు స్వీకరించింది, దోషం లేదు అని తేల్చేశాడు. జయజయధ్వానాలు. యంగోనా మళ్లీ కదిలింది. దొర మెడ మీది చెయ్యి దానంతటదే జారిపోయింది. "ఉండనీ, ఉండనీ, మంచి కుక్క" అన్నాడు పెదనాయన, ఏదో తనే పెంచినట్టు.

నా కుక్క నాకు దక్కింది. కానీ ఇన్నేళ్లయినా నా కోపం ఎందుకు చల్లారలేదంటే, అది దక్కింది న్యాయం వల్ల కాదు, మేకకూర వల్ల. నేను చెప్పింది నిజమని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. తప్పయిందమ్మా అని పెదనాయన అనలేదు. పైగా నా నూలంతా నదిలో వేయడానికి బయలుదేరుతుంటే, కనీసం మిగిలిన చిలపయినా ఇవ్వమని అడిగాను. "అమ్మవారికి ఇచ్చింది మళ్లీ అడుగుతారా? పాపం కదా" అన్నాడు! నేను ఇచ్చానా? అన్నం ముట్టకుండా, దొరను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం చలిగాలి బాగా తిరిగింది. అవ్వ వరండాలో మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాను, చెబుతుంటే మళ్లీ కోపం, మళ్లీ ఏడుపు. "నీ మోకాళ్లకేం మిగల్లేదు అవ్వా, అంతా నదిలో పోయింది" అన్నాను. అవ్వ ఏమీ అనకముందే దొర వెళ్లి, ఎవరూ పిలవకుండా, తన బరువంతా వేసి అవ్వ రెండు మోకాళ్ల మీదా అడ్డంగా పడుకుంది. లేపబోయాను. "ఉండనీయే" అంది అవ్వ, కళ్లు మూసుకుని. "వెచ్చగా ఉంది." ఆ ఏడాది చలికాలమంతా అవ్వ మోకాళ్లు అలాగే గడిచాయి, నూలుతో, సూదులతో పని లేకుండా.

ఇప్పుడు నాకు అప్పటి అవ్వ వయసు. మోకాళ్లు కూడా అవ్వవే. ఉన్న ఇంటికీ, తినే అన్నానికీ, పక్కన కూర్చునే మనవరాలికీ రోజూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఎవరైనా నా మాటకు అడ్డం వస్తే నవ్వి ఊరుకుంటాను. అందరూ నన్ను శాంతమూర్తి అంటారు. అంటే అననీ. కానీ ఒక్కోసారి, గుడి మీటింగులో నేను అనబోయిన మాటను ఎవరో నా నోట్లోంచి లాక్కుని తమదిగా చెప్పేస్తున్నప్పుడు, ఒళ్లంతా కుక్క బొచ్చు అంటుకుని, జుట్టు రేగిపోయి, పెద్దవాళ్ల మధ్య నిలబడి అరుస్తున్న ఆ పిల్ల నాకు కనబడుతుంది. ఎంత తిక్కపిల్లో! నవ్వుకుంటాను. ఒక్క పూట, ఒకే ఒక్క పూట, దాని గొంతు నాకు అరువిస్తే బాగుండునని కూడా అనుకుంటాను.